కృత్రిమ డీఎన్‌ఏ: తప్పు ఎక్కడ దొర్లుతుంది

కృత్రిమ డీఎన్‌ఏ అంటే జీవకణం ప్రమేయం లేకుండా, రసాయనాలతో ఒక్కో అక్షరమే చేర్చుకుంటూ కట్టిన డీఎన్‌ఏ. వైరస్ సోకిందో లేదో చెప్పే పీసీఆర్ పరీక్షలోని ప్రైమర్లు అనే పొట్టి పోగులు, జన్యు పరిశోధనలో వాడే చిప్పులు, ఈస్టు కణంలోకి కొత్తగా పంపే జన్యువులు, అన్నీ దీంతో తయారైనవే. అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు క్షారాలే ఆ అక్షరాలు. అవి ఏ వరసలో కావాలో కొనేవారు రాసి పంపుతారు. తయారీ కేంద్రం ఆ వరసలో పోగును కట్టి, ఎండబెట్టి, చిటికెనవేలంత ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి పంపుతుంది. గొట్టం అడుగున సరుకు ఉందో లేదో కంటికి సరిగా ఆనదు. కనిపించీ కనిపించని ఆ పొరలోనే లక్షల కోట్ల పోగులుంటాయి. గొట్టం మీది చీటీలో ఉన్న వరస వాటిలో చాలా పోగులకు వర్తిస్తుంది. అన్నిటికీ వర్తించదు. ఆ వర్తించనివి ఎక్కడ పుడతాయి, ఎలా పుడతాయి, వాటిని ఎంతవరకు ఏరివేయవచ్చు అన్నది ఈ ప్రసంగ విషయం.

సింగపూర్‌లో ఇది కేవలం పాఠ్యపుస్తకాల విషయం కాదు. 2003లో బ్వోనా విస్టా దగ్గర బయోపోలిస్ ప్రారంభమైన నాటి నుంచి జీవశాస్త్ర పరిశోధన ఈ ద్వీపంలో పెద్ద వ్యాపకమైంది. పరిశోధకుడు ఇవాళ ప్రైమర్ ఆర్డరిస్తే రేపో ఎల్లుండో అది చేతికందాలి, లేకపోతే ప్రయోగం ఆగిపోతుంది. అందుకే తయారీ కూడా ఇక్కడికే వచ్చి చేరింది. ఫస్ట్ బేస్ వంటి స్థానిక సంస్థలు, సిగ్మా ఆల్డ్రిచ్, ఐడీటీ వంటి బహుళజాతి సంస్థలు ఇక్కడ ఒలిగోలు తయారు చేశాయి. పొట్టి డీఎన్‌ఏ పోగును ఈ రంగంలో అందరూ ఒలిగో అనే పిలుస్తారు. డీఎన్‌ఏ చిప్పుల సంస్థ ఆఫీమెట్రిక్స్, డీఎన్‌ఏను చదివే యంత్రాల సంస్థ ఇల్యూమినా కూడా సింగపూర్‌లో తయారీ కేంద్రాలు నడిపాయి. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం ఏకంగా ఒక ఈస్టు క్రోమోజోమును కొత్తగా కట్టింది. ఒక్క అక్షరం తేడాతో చెడిపోయే పనులు ఇంత చిన్న దేశంలో ఇన్ని జరగడం అరుదు.

మొదటి కృత్రిమ జన్యువును కట్టింది హర్ గోవింద్ ఖొరానా బృందం. ఈస్టులోని ఒక ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏకు సంబంధించిన 77 జతల అక్షరాల జన్యువును వారు 1970లో ప్రకటించారు. దానికి ఏళ్ల తరబడి, ఎందరో పరిశోధకుల శ్రమ పట్టింది. పొట్టి పొట్టి ముక్కలను కట్టడం, ప్రతి మెట్టులోనూ శుద్ధి చేయడం, తరువాత ఎంజైముతో అతకడం వారి పద్ధతి. నిదానం ఎక్కువ, కానీ చెడ్డ ముక్క తరువాతి మెట్టు ఎక్కే అవకాశం తక్కువ. 1981లో అమెరికాలోని కొలరాడోలో మార్విన్ కరూథర్స్, సెర్జ్ బోకాజ్ ఫాస్ఫోరమిడైట్ పద్ధతిని తెచ్చాక కథ మారింది. ఈనాటి ఒలిగో యంత్రాల్లో నడిచేది ఆ రసాయన శాస్త్రమే. కొన్ని నిమిషాలకో అక్షరం చేరుతుంది. కానీ శుద్ధి చేసేది చివర్లో ఒక్కసారే. ప్రతి మెట్టు దగ్గరా ఆగి శుభ్రం చేసే ఓపికను వదులుకోవడమే ఈ వేగానికి చెల్లించిన వెల. ఇక చెప్పబోయే తప్పుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ఈ పద్ధతిలో పోగు మొదటి కొస సూక్ష్మరంధ్రాలున్న గాజుపూసకు అంటుకుని ఉంటుంది. యంత్రం రసాయనాలను ఒకదాని తరువాత ఒకటి ఆ పూసల మీదుగా పారిస్తుంది. ఒక్కో అక్షరానికి నాలుగు పనులు. పోగు కొసన ట్రైటిల్ అనే రక్షక సమూహం మూతలా ఉంటుంది. మొదట ఆమ్లం దాన్ని తొలగిస్తుంది. రెండో పనిలో ఫాస్ఫోరమిడైట్ రూపంలో కొత్త అక్షరం వచ్చి అతుక్కుంటుంది. మూడో పనిలో, అక్షరం అందని పోగులు ఇక పెరగకుండా ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ వాటి నోరు శాశ్వతంగా మూసేస్తుంది. దీన్ని క్యాపింగ్ అంటారు. నాలుగో పనిలో అయోడిన్ కొత్త బంధాన్ని గట్టిపరుస్తుంది. మళ్లీ మొదటికి. వంద అక్షరాల పోగుకు ఈ చక్రం దాదాపు వందసార్లు తిరుగుతుంది. చివర అమ్మోనియా పోగును పూస నుంచి విడదీసి, క్షారాల మీద ఉన్న రక్షక సమూహాలను ఊడదీస్తుంది.

తొలగిన ట్రైటిల్ ఆమ్లంలో నారింజ రంగు తేలుతుంది. యంత్రం పక్కన నిలబడి చూస్తే, ప్రతి చక్రంలోనూ సన్నని గొట్టంలో ఆ నారింజ ద్రవం జారిపోవడం కనిపిస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే అన్ని పోగులు పెరుగుతున్నట్టు లెక్క. 498 నానోమీటర్ల దగ్గర కాంతిని అది ఎంత పీల్చుకుందో కొలిచి, పని సవ్యంగా సాగుతోందో లేదో అంచనా వేస్తారు. చక్రం చక్రానికీ రంగు కొద్దికొద్దిగా పలచబడుతుంది. అలా పలచబడటం యంత్రంలో లోపం వల్ల కాదు, లెక్క ప్రకారం జరగవలసిందే.

ఆ లెక్క చక్రవడ్డీ లాంటిది, కాకపోతే పెరగవలసింది తరుగుతుంది. ప్రతి చక్రంలో నూటికి 99 పోగులకు అక్షరం అందిందనుకుంటే, 20 అక్షరాల ప్రైమరులో నూటికి 83 పోగులు పూర్తి పొడవుకు చేరతాయి. 100 అక్షరాల పోగుకు వచ్చేసరికి ఆ సంఖ్య 37కు పడిపోతుంది. 200 అక్షరాలకైతే 13 దాటడం కష్టం. సామర్థ్యాన్ని 99 నుంచి 99.5కు పెంచితే 200 అక్షరాల దగ్గర మళ్లీ 37 దక్కుతాయి. 98కి తగ్గితే 100 అక్షరాల దగ్గరే 13కు వచ్చేస్తుంది. అర శాతం తేడా బయటివారికి చాదస్తంగా కనిపించవచ్చు. తయారీదారుకు మాత్రం సరుకు అమ్మాలా, పారబోయాలా అన్నది ఆ అర శాతమే తేలుస్తుంది. ఈ పద్ధతిలో మామూలుగా 200 అక్షరాల దరిదాపుల్లోనే తయారీ ఆగిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

ఆ శాతాన్ని దెబ్బతీసే మొదటి శత్రువు నీరు. ఉత్తేజితమైన ఫాస్ఫోరమిడైట్ పోగు కొస కోసం ఎదురుచూస్తుంటుంది, కానీ నీటి అణువు ఎదురైతే దానితోనే కలిసిపోయి పనికిరాకుండా పోతుంది. అందుకే ద్రావణిగా వాడే అసిటోనైట్రైల్‌లో నీరు పది లక్షల భాగాలకు 30 భాగాలు మించకూడదన్నది సాధారణ నియమం. ఆ హద్దులో ఉన్నా, లీటరుకు పదో వంతు మోల్ గాఢత గల ఫాస్ఫోరమిడైట్ ద్రావణంలో సుమారు 75 అణువులకు ఒక నీటి అణువు ఉంటుంది. నీరు పది రెట్లయితే ఏడెనిమిది అణువులకు ఒకటి. సింగపూర్‌లో తెల్లవారుజామున గాలిలో తేమ 90 శాతం దాటుతుంది. మధ్యాహ్నం 60 దరిదాపుల్లో ఉంటుంది, వాన పట్టిందంటే 100ను తాకుతుంది. ఫాస్ఫోరమిడైట్ పొడిని మైనస్ 20 డిగ్రీల ఫ్రీజరులో దాస్తారు. ఆ సీసాను బయటికి తీసి, గది వేడికి రానివ్వకుండా మూత తిప్పితే చాలు, గాలిలోని తేమ పొడి మీద మంచులా పడుతుంది. చూడటానికి పొడి పొడిగానే ఉంటుంది. నష్టం తరువాత, నారింజ రంగు పలచబడినప్పుడు బయటపడుతుంది. అందుకే ఇలాంటి చోట తేమ తీసిన గాలి ఆడే గది, సీసాల్లో ఆర్గాన్ వాయువు, ద్రావణిలో తేమను పీల్చే జియోలైట్ గుళికలు తప్పనిసరి ఖర్చు. ఎయిర్ కండిషనర్ గదిని చల్లబరిచినంత మాత్రాన ఇది తీరదు. ఈ ఫాస్ఫోరమిడైట్లు తయారయ్యే ఊళ్లలో హైదరాబాదు కూడా ఒకటి. సపాలా ఆర్గానిక్స్ అక్కడి సంస్థే. అక్కడ ఎంత శుద్ధంగా తయారైనా, వాడేచోట మూత తీసిన ఆ కాసేపటి జాగ్రత్త వేరే పద్దు.

అక్షరం అందని పోగుల వల్ల తప్పు రెండు రకాలుగా పుడుతుంది. క్యాపింగ్ సరిగా జరిగితే ఆ పోగు అక్కడితో ఆగిపోతుంది. అది పొట్టిది కాబట్టి, చివర్లో వేరు చేయడం తేలిక. క్యాపింగ్ కూడా తప్పించుకున్న పోగుతోనే చిక్కు. తరువాతి చక్రంలో దానికి తరువాతి అక్షరం అతుక్కుంటుంది. ఫలితంగా మొదలూ చివరా సరిగ్గానే ఉండి, మధ్యలో ఒక అక్షరం మాత్రం జారిపోయిన పోగు తయారవుతుంది. ఆమ్లం ట్రైటిల్‌ను పూర్తిగా తీయకపోయినా ఇదే గతి: ఒక చక్రంపాటు నిద్రపోయిన పోగు తరువాత లేచి వరసలో కలుస్తుంది. గాజుపూస రంధ్రాల లోతున ఉన్న పోగులకు మొదటి కొన్ని అక్షరాలు అందడం మరీ కష్టం. రసాయన పద్ధతిలో కట్టిన ఒలిగోల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఈ అక్షరలోపమే.

అక్షరం ఎక్కువ కావడం అంత తరచుగా జరగదు. జరిగినప్పుడు కారణం ఉత్తేజకం. అక్షరం అతుక్కోవడానికి వాడే ఉత్తేజకానికి కూడా కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది. అది ద్రావణంలో ఉన్న ఫాస్ఫోరమిడైట్ల మీది ట్రైటిల్‌నే అక్కడక్కడ ఊడగొడుతుంది. అలా ఊడిన అణువు మరో అణువుతో జతకట్టి, రెండు అక్షరాల ముక్కగా పోగుకు అంటుకుంటుంది. గ్వానిన్ దీనికి ఎక్కువగా లొంగుతుంది. కాబట్టి ఒక గ్వానిన్ ఉండాల్సిన చోట రెండు గ్వానిన్లు కనిపిస్తే వేలు చూపాల్సింది ఉత్తేజకం వైపే.

ఆమ్లం సంగతి వేరు. ట్రైటిల్ పూర్తిగా పోవాలంటే ఆమ్లం కావాలి. ఆమ్లం ఎక్కువసేపు నిలిస్తే పోగులోని అడెనిన్, గ్వానిన్లు చక్కెర నుంచి ఊడిపోతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అక్షరలోపం తగ్గించబోయి పోగుకే చిల్లు పెట్టుకోవడం అవుతుంది. రక్షక సమూహం తగిలించిన అడెనిన్ ఇందులో అందరికంటే బలహీనం. పొడవైన పోగులో మొదట చేరిన అడెనిన్ వందల సార్లు ఆమ్లస్నానం చేస్తుంది, చివర చేరినది ఒకటి రెండుసార్లే. అందుకే ఈ నష్టం పొడవు పెరిగేకొద్దీ పెరుగుతుంది. క్షారం ఊడిన చోట, చివర్లో అమ్మోనియా తగలగానే పోగు రెండు ముక్కలవుతుంది.

ఇక్కడ శుద్ధి పద్ధతి చేసే మోసం ఒకటుంది. పూర్తి పోగులను ఏరడానికి చాలాచోట్ల చివరి ట్రైటిల్‌ను అలాగే ఉంచి, ట్రైటిల్‌ను పట్టుకునే గొట్టంలోంచి సరుకును పంపుతారు. క్యాపింగ్‌తో ఆగిన పొట్టి పోగులకు ట్రైటిల్ ఉండదు, అవి కొట్టుకుపోతాయి. అమ్మోనియాలో విరిగిన పోగు తల ముక్కకు మాత్రం ట్రైటిల్ ఉంటుంది. అది పూర్తి పోగుల గుంపులో దర్జాగా చేరిపోతుంది. మధ్యలో ఒక అక్షరం జారిన పోగుకూ ట్రైటిల్ ఉంటుంది కాబట్టి అదీ దాటిపోతుంది. ఒక పరీక్ష నెగ్గిన సరుకంతా సరైనదే అనుకోవడం ఈ రంగంలో చాలా ఖరీదైన అలవాటు. శుద్ధికి వాడే ఇతర పద్ధతులు, హెచ్‌పీఎల్‌సీ అయినా, పాలీఎక్రిలమైడ్ జెల్ అయినా, పొట్టి పోగుల్లో ఒక అక్షరం తేడాను బాగానే పట్టుకుంటాయి. పోగు వంద అక్షరాలు దాటేసరికి 99కీ 100కీ తేడా చూడలేక తడబడతాయి.

మూడో జాతి తప్పు అక్షరమే మారిపోవడం. పొడవు సరిగ్గా ఉంటుంది, బరువు దాదాపు సరిగ్గా ఉంటుంది, చదువు మాత్రం మారుతుంది. సైటోసిన్ తన అమైనో సమూహాన్ని పోగొట్టుకుని యురాసిల్ అవుతుంది. నకలు తీసే ఎంజైము దాన్ని థైమిన్ అని చదువుతుంది. కొన్ని మేలురకం పాలీమరేజ్ ఎంజైములైతే యురాసిల్ దగ్గర బిగుసుకుని ఆగిపోతాయి, అప్పుడు పీసీఆర్ ఎందుకు పనిచేయలేదో అర్థం కాక పరిశోధకుడు తల పట్టుకుంటాడు. గ్వానిన్ మీద క్యాపింగ్ రసాయనాలు గానీ, ఫాస్ఫోరమిడైట్ గానీ తప్పుచోట దాడి చేస్తే, అమ్మోనియా తగిలాక అది డయామినోప్యూరిన్‌గా మారుతుంది. ఎంజైము దాన్ని అడెనిన్‌గా లెక్కిస్తుంది. అందుకే కృత్రిమ జన్యువుల్లో గ్వానిన్ స్థానంలో అడెనిన్ కనిపించడం పరిపాటి. అమ్మోనియా పని చేస్తున్నప్పుడు ఫాస్ఫేట్ల మీది రక్షక సమూహం ఊడి ఎక్రిలోనైట్రైల్‌గా మారుతుంది. అది అక్కడితో ఊరుకోక థైమిన్‌కు తగులుకుంటుంది. అమ్మోనియాకు ముందు డైఇథైలమీన్‌తో కడిగేస్తే ఈ బెడద తప్పుతుంది. అమ్మోనియా పాతబడి బలం తగ్గితే రక్షక సమూహాలు కొన్ని క్షారాల మీదే మిగిలిపోతాయి. అయోడిన్ పని సగంలో ఆగితే బలహీనమైన బంధం తరువాతి ఆమ్లస్నానంలో తెగుతుంది. తప్పు ఒక్కటే అయినా కారణం వెతకబోతే తిలాపాపం తలా పిడికెడు.

ఇవన్నీ ఒక గొట్టంలో ఒక పోగును కట్టేటప్పుడు వచ్చే తప్పులు. చిప్పు మీద లక్షల రకాల పోగులను ఒకేసారి కట్టేటప్పుడు వీటికి ఇంకో వర్గం తోడవుతుంది. ఆఫీమెట్రిక్స్ పద్ధతిలో ట్రైటిల్ స్థానంలో కాంతికి ఊడే రక్షక సమూహం ఉంటుంది. గాజు మీద ఎక్కడ అక్షరం చేర్చాలో అక్కడే వెలుగు పడేలా ముసుగు అడ్డుపెడతారు. నాలుగు అక్షరాలకు నాలుగు ముసుగుల చొప్పున 25 అక్షరాల పోగుకు వంద దాకా ముసుగులు కావాలి. ముసుగు వెంట్రుకవాసి జరిగినా, గాజు మీద వెలుగు చెదిరినా, పక్క గడిలో నిద్రపోవాల్సిన పోగులు మేలుకుని తమది కాని అక్షరాన్ని అందుకుంటాయి. గొట్టంలో అక్షరలోపం ఎక్కువైతే, ఇక్కడ అక్షరం ఎక్కువ కావడమూ మామూలే. పైగా కాంతితో ఊడే తొలితరం రక్షక సమూహాల సామర్థ్యం చక్రానికి నూటికి 93 దగ్గరే ఉండేది. ఆ లెక్కన 25 అక్షరాలు పూర్తయ్యేవి ఆరింట ఒక వంతు పోగులకే. ఆఫీమెట్రిక్స్ 25 అక్షరాల దగ్గర ఆగడంలో ఆశ్చర్యం లేదు. వైరస్ జన్యువును వాసన పట్టడానికి అవి చాలు, జన్యువు కట్టడానికి చాలవు. ఇంకుజెట్ పద్ధతిలో వెలుగుకు బదులు అక్షరం ఉన్న ద్రావణపు చుక్కలు పడతాయి. చుక్క పక్కన పడటం, సూక్ష్మరంధ్రం పూడుకుపోవడం, చుక్క అంచున అక్షరం పలచగా అందడం, ఆమ్లాన్ని వెంటనే కడిగేయలేకపోవడం వల్ల అడెనిన్లు ఊడటం దీని ఇబ్బందులు. విద్యుత్తుతో చిప్పు మీద ఆమ్లాన్ని పుట్టించే పద్ధతిలో ఆ ఆమ్లం పక్క గడికి పాకుతుంది.

రసాయనం తప్పు చేయకపోయినా మనుషులు, యంత్రాలు చేస్తారు. ఒలిగోలను ఎనిమిది వరసలు, పన్నెండు నిలువులు, మొత్తం 96 గుంటలున్న పళ్లెంలో కడతారు. పళ్లాన్ని పొరపాటున అర చుట్టు తిప్పి పెడితే మొదటి గుంట సరుకు చివరి గుంట పేరుతో పోతుంది. 96 ఒలిగోలూ నూటికి నూరుపాళ్లు సరైనవే, ఒక్కటీ అడిగినవారికి అందదు. వరసను ఏ కొస నుంచి చదవాలన్న దగ్గర కూడా గందరగోళం ఉంది. పోగు రెండు కొసలను ఐదు, మూడు అనే అంకెలతో పిలుస్తారు. కొనేవారు ఐదు నుంచి మూడుకు రాస్తారు, రసాయన యంత్రం మూడు నుంచి ఐదుకు కడుతుంది. సాఫ్ట్‌వేర్ తిప్పి రాసుకుంటుంది కాబట్టి మామూలుగా ఇబ్బంది రాదు. కొనేవారు తామే తిప్పి రాసి పంపినప్పుడే ఇబ్బంది.

ఒక పోగులోకి మరో పోగు చేరడం అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే పీసీఆర్ పరీక్ష అతి స్వల్పమైన జాడను కూడా కోట్ల రెట్లు పెంచి చూపిస్తుంది. 2020 ఫిబ్రవరిలో సింగపూర్ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏస్టార్ శాస్త్రవేత్తలు టాన్ టాక్ సెంగ్ ఆస్పత్రితో కలిసి ఫార్టిట్యూడ్ అనే కరోనా పరీక్ష కిట్‌ను సిద్ధం చేశారు. ఆ రోజుల్లోనే ప్రపంచమంతటా వందలాది ప్రయోగశాలలు ఇలాంటి కిట్లు తయారు చేసుకుంటున్నాయి. అన్నిటికీ రెండు రకాల కృత్రిమ డీఎన్‌ఏ కావాలి: వైరస్‌ను వెతికే ప్రైమర్లు, కిట్ పనిచేస్తోందని నిరూపించడానికి వైరస్ జన్యువు నకలు. రెండూ ఒకే కప్పు కింద తయారైతే నకలు ప్రైమరులో చేరిపోతుంది, అప్పుడు శుభ్రమైన నీరు కూడా కరోనా ఉన్నట్టు చూపిస్తుంది. యూరప్ ప్రయోగశాలలకు అందిన కొన్ని ప్రైమర్లలో సరిగ్గా ఇదే జరిగి పరీక్షలు ఆలస్యమయ్యాయి. అమెరికాలో వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పంపిన తొలి కిట్లు పనికిరాకుండా పోయాయి. అందులో ఒక భాగంలో కృత్రిమ నకలు కలిసిందనీ, మరో భాగంలో ప్రైమర్, సంకేతమిచ్చే ప్రోబ్ అనే పోగు ఒకదానికొకటి అతుక్కున్నాయనీ ఆ సంస్థ శాస్త్రవేత్తలే 2021లో ప్రచురించారు. మొదటిది తయారీలో తప్పు, రెండోది రూపకల్పనలో తప్పు. రోగి చేతికి వచ్చే కాగితంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పొట్టి పోగులను అతికి జన్యువు కట్టేటప్పుడు పాత తప్పులకు కొత్తవి తోడవుతాయి. మామూలు ఒలిగోల్లో కొన్ని వందల అక్షరాలకో తప్పుంటుంది. 300కు ఒకటి అనుకుంటే, వాటితో కట్టిన 1000 అక్షరాల జన్యువుల్లో తప్పు లేనివి నూటికి మూడో నాలుగో. తప్పుల రేటును 3000కు ఒకటిగా తగ్గిస్తే నూటికి 70 పైచిలుకు బాగుంటాయి. ఆ పదింతలు సంపాదించడానికే ఈ పరిశ్రమ నానా తంటాలు పడుతుంది. తప్పున్న పోగు, సరైన పోగుతో జతకడితే తేడా ఉన్నచోట ఉబ్బు వస్తుంది. బాక్టీరియాలో మ్యూట్ఎస్ అనే ప్రోటీన్ ఆ ఉబ్బును పట్టుకుంటుంది, టీ7 ఎండోన్యూక్లియేజ్ వంటి ఎంజైములు అక్కడ కోస్తాయి. కోతపడనివి మిగులుతాయి. ఇదీ పూర్తి రక్షణ కాదు: రెండు పోగుల్లోనూ ఒకే తప్పుంటే ఉబ్బే రాదు. నకళ్లు తీసే పాలీమరేజ్ తన వంతుగా కొన్ని తప్పులు కలుపుతుంది. మామూలు టాక్ ఎంజైముతో పోలిస్తే తప్పులు దిద్దుకునే గుణమున్న ఎంజైములు చాలా నయం. ఒకే మాట పదేపదే వచ్చే వరసలు, గ్వానిన్ సైటోసిన్లు కిక్కిరిసిన వరసలు, తమలో తాము మడతపడే వరసలు అతికేటప్పుడు తప్పుచోట అతుక్కుంటాయి. అలాంటప్పుడు తయారీదారుపై నెపం వేయడం న్యాయం కాదు. అలాంటి వరసను మార్చి రాయమని అడిగే తయారీదారే మేలు. చివరికి జన్యువును బాక్టీరియాలో పెట్టి, కాలనీలను ఏరి, ఒక్కొక్కదాన్నీ మొదటి నుంచి చివరి వరకు చదివి, సరైనదాన్ని ఉంచుకోవడమే నమ్మదగిన మార్గం.

ఈ తంటాలన్నీ కలిసి ఎదురైన పని ఈస్టు క్రోమోజోము. బీరుకీ రొట్టెకీ వాడే ఈస్టు జన్యురాశిని మొత్తంగా తిరిగి రాయాలన్నది ఎస్‌సీ 2.0 అనే అంతర్జాతీయ ప్రయత్నం. అందులో పదిహేనో క్రోమోజోము సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో మాథ్యూ చాంగ్ బృందం వంతుకు వచ్చింది. పది లక్షల అక్షరాలకు పైబడిన ఆ కృత్రిమ క్రోమోజోము వివరాలు 2023లో సెల్ జీనోమిక్స్ పత్రికలో వచ్చాయి. ఈ ప్రయత్నంలో అసలు వరసను ఉన్నదున్నట్టు నకలు తీయరు. కొన్ని ఆపు సంకేతాలు మారుస్తారు, ఇష్టం వచ్చినప్పుడు జన్యువులను తిప్పి అమర్చుకునేందుకు గుర్తులు చొప్పిస్తారు, కృత్రిమ భాగాన్ని సహజ భాగం నుంచి గుర్తుపట్టేందుకు జన్యువుల్లో అర్థం చెడకుండా అక్షరాలు మారుస్తారు. కాబట్టి కణం సరిగా పెరగకపోతే అనుమానం రెండువైపులా వెళ్తుంది: తయారీలో జారిన అక్షరం వల్లా, కావాలని మార్చిన అక్షరం వల్లా? మొదటిదాన్ని చదివి పట్టుకోవచ్చు. రెండోది చదివితే దొరకదు, ఎందుకంటే వరస రాసుకున్నట్టే ఉంటుంది. సింగపూర్ బృందం దీనికోసం సహజ క్రోమోజోము, కృత్రిమ క్రోమోజోము భాగాలను క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కావలసినచోట కోసి కలిపే ఒక పద్ధతిని రూపొందించింది. ఏ భాగం సహజం, ఏ భాగం కృత్రిమం అన్నది మార్చి మార్చి చూస్తే, లోపం ఏ మూల దాగి ఉందో తేలుతుంది. పొట్టి ప్రైమరులో తప్పు రసాయనానిది. క్రోమోజోము స్థాయిలో తప్పు చాలాసార్లు రచనది.

రసాయన పద్ధతికి పోటీగా ఎంజైముతో కట్టే పద్ధతులు వస్తున్నాయి. టర్మినల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము పోగు కొసకు అక్షరాలు చేర్చగలదు. ఒక్క అక్షరం చేర్చి ఆగేలా దాన్ని కట్టడి చేయడమే చిక్కు. కట్టడి తప్పితే ఒకే అక్షరం రెండుమూడుసార్లు పడుతుంది, పోగు మడతపడితే ఎంజైముకు కొస అందక అక్షరం జారుతుంది. అయితే ఇది నీటిలోనే జరిగే పని. ఆమ్లస్నానం లేదు, తేమ భయం లేదు. సింగపూర్ వంటి చోట ఆ ఒక్క సదుపాయమే చిన్నది కాదు. డీఎన్‌ఏలో సమాచారం దాచే పనికైతే ఇంకో దారి, అసలు కొత్త డీఎన్‌ఏ రాయకుండానే కానివ్వడం. 2023లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయానికే చెందిన పో చ్యూ లూ బృందం బ్యాక్‌క్యామ్ పేరుతో, బాక్టీరియాలో అప్పటికే ఉన్న డీఎన్‌ఏను వెలుగుతో మార్చి బొమ్మలను నిలవచేసి చూపించింది.

ఈ కొత్త దారులు స్థిరపడేదాకా ఒలిగో కొనేవారు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పని 20 అక్షరాలతో అయ్యేటప్పుడు 60 అడగకూడదు. జన్యువు కట్టడానికైతే శుద్ధి చేసిన సరుకే కొనాలి. అతికిన జన్యువును పూర్తిగా చదవకుండా ప్రయోగంలో పెట్టకూడదు. పరీక్ష కిట్ ప్రైమర్లను, వైరస్ నకలును ఒకే తయారీదారు నుంచి ఒకే వారంలో తెప్పించుకోకపోవడం మంచిది. ప్రైమర్లు అందిన రోజే శుభ్రమైన నీటితో ఒకసారి పరీక్ష నడిపి చూడాలి. నీరు పాజిటివ్ వస్తే ఆ గొట్టాన్ని పారేయాలి.